ఉడుకు ఊటలో కాపురాలు

తూర్పు కనుమల మీద పడిన వాన అంతా సముద్రానికి పోదు. ఋషికుల్యలోకో బాహుదాలోకో పారిపోయింది పోగా, కొంత నీరు రాతి నెర్రెల్లోకి దిగి కంటికి కనపడకుండా పోతుంది. పై పొరల్లో ఆగిన నీరు మన బావుల్లో ఊరుతుంది. అక్కడా ఆగని మొండినీరు పగులు దొరికినంత మేరా లోపలికి జారుతుంది. భూమిలోకి ఒక్కో కిలోమీటరు దిగే కొద్దీ వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ చీకట్లో ఏళ్ల తరబడి రాళ్లను ఒరుసుకుంటూ తిరిగి, వాటిలోని ఉప్పునూ గంధకాన్నీ కాస్త కాస్త కరిగించుకుని, ఎక్కడో నిలువు పగులు ఒకటి ఎదురైతే ఆ నీరు పైకి తన్నుకొస్తుంది. దారిలో చల్లారే తీరిక లేకుండా వస్తే వేడిగానే వస్తుంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో అలా పైకొచ్చిన నీటినే తప్తపాని అంటారు.

బరంపురం అంచున ఉన్న హల్దియాపదర్ నుంచి బయలుదేరి, దిగపహండి మీదుగా పడమటి కొండల్లోకి వెళితే సుమారు యాభై కిలోమీటర్ల దూరం. ఒడియా, తెలుగు కలగలిసిన బజారు మాటలు వెనకబడతాయి. వరిమళ్లు సన్నబడతాయి. సాలవృక్షాలు మొదలవుతాయి. మలుపులు ఎక్కుతున్న బస్సులో చల్లగాలి తగిలే చోట వేడినీళ్లు ఉంటాయని ఎవరూ అనుకోరు.

కింద అగ్నిపర్వతం ఉందని చెప్పేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ దొరుకుతారు. లేదు. ఈ కొండలు చార్నోకైట్, ఖోండలైట్ వంటి పాత రాళ్లతో కట్టినవి. రెండో రాయికి పేరు ఈ అడవుల్లోని కోందు గిరిజనుల వల్లే వచ్చింది. విశాఖలో కైలాసగిరి ఎక్కిన ప్రతివాడూ ఆ రాతి మీద నడిచినవాడే. భూగర్భంలో నలిగి, కాలి, చల్లారిన ఈ రాళ్లు ఇప్పుడు తమంతట తాము నీటిని మరిగించలేవు. వేడి లోతుది, దారి పగులుది. గోదావరి లోయలోనూ ఇదే కథ. భద్రాచలం దగ్గర గుండాల రేవులో ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. ఉష్ణగుండాలని భక్తులు అక్కడ స్నానాలు చేస్తారు. మణుగూరు పక్కన పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్లు తన్నుకొస్తుంటే, ఆ వేడితో కొద్దిపాటి కరెంటు తీసే ప్రయోగానికి సింగరేణి సంస్థ పూనుకుంది.

తప్తపానిలో కరెంటు ఊసు లేదు. అక్కడ అమ్మవారుంది. చెట్ల నీడన గట్టుకట్టిన కుండం, పైన సన్నటి ఆవిరి, ముక్కుకు లీలగా తగిలే గంధకపు వాసన, పక్కనే కంధుణీ దేవి గుడి. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు వేడి బురదలో చేయిపెట్టి, పైచెట్టు నుంచి రాలిన గింజ కోసం తడుముతారు. గింజ దొరికితే కడుపు పండుతుందని నమ్మకం. ఇదే నీటిని గొట్టాల్లో పట్టి పర్యాటక శాఖవారి పాంథనివాస్‌లో స్నానపు తొట్టెలకు పంపుతారు. చర్మరోగాలు పోతాయని కొందరు, కీళ్లనొప్పులు తగ్గుతాయని కొందరు మునుగుతారు. వాళ్ల నమ్మకాలతో నాకు పేచీ లేదు. బురదలో తడిమే ఆ వేళ్ల సందుల్లోంచి జారిపోతున్న ప్రాణుల లెక్క మాత్రం ఎవరికీ పట్టదే అన్నది నా దిగులు.

వేడి ఊట పారిన కాలువ రాళ్లను ఒకసారి తాకి చూడాలి. జిగురుగా ఉంటాయి. జారతాయి. కొన్నిచోట్ల ముదురాకుపచ్చ, కొన్నిచోట్ల ఇటుక ఎరుపు, మధ్యలో ఆవపిండి రంగు పొరలు. మనం పాచి అని తోమిపారేసే ఆ పొర ఒక ఊరు. వెలుతురు సోకే పైఅంతస్తులో నీలాకుపచ్చ బ్యాక్టీరియా ఎండను తింటుంది. దాని కింద, వడకట్టిన వెలుతురుతోనే సరిపెట్టుకునే క్లోరోఫ్లెక్సస్ వంటి దారపు పోగుల జీవాలు. ఇంకా కింద గాలి సోకని చీకట్లో గంధకంతో బతికేవి. ఒక అంతస్తు విసర్జించింది మరో అంతస్తుకు భోజనం. ఇదంతా ఒక గోటి మందంలో.

నాలుగు పదుల డిగ్రీలు దాటిన నీళ్లలో ఇదెలా సాధ్యం? మన ఒళ్లు 40 డిగ్రీలకు చేరితే ఇంట్లో కంగారు మొదలవుతుంది. అంతకుమించి నిలకడగా ఉంటే బతకం. కారణం మన ప్రొటీన్లలో ఉంది. ప్రొటీన్ అంటే పొడవాటి గొలుసు. అది ఒక పద్ధతిలో మడత పడితేనే పనిచేస్తుంది. వేడి ఆ మడతలు విప్పేస్తుంది. విడిపోయిన గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడి గట్టిపడతాయి. కోడిగుడ్డు సొన ఉడికేటప్పుడు జరిగేది అదే, ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కాకపోవడానికి కారణమూ అదే. వేడిని ప్రేమించే బ్యాక్టీరియా తన ప్రొటీన్లను మరింత బిగించి కట్టుకుంది. గొలుసులో అక్కడక్కడా ధన, ఋణ ఆవేశాలు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లోపల ఖాళీలు తక్కువ. మడత విప్పుకున్న ప్రొటీన్‌ను పట్టుకుని సరిచేయడానికి వేరే ప్రొటీన్లు కాపలా ఉంటాయి. ఒంటిచుట్టూ ఉన్న కొవ్వుపొర కరిగి పలచబడకుండా అందులో గట్టి కొవ్వులు ఎక్కువ పెట్టుకుంటుంది. చమత్కారం ఏమిటంటే, ఇంత బిగువుగా కట్టుకున్న ప్రాణికి మన గది వేడి చాలదు. 25 డిగ్రీల దగ్గర దాని యంత్రాంగం కదలక మొరాయిస్తుంది. మనకు హాయిగా ఉన్నచోట అది చలితో ముడుచుకుపోతుంది.

రికార్డుల కోసం చూసేవాళ్లకు తప్తపాని ఆనదు. సముద్రపు అడుగున వేడినీటి పొగగొట్టాల దగ్గర దొరికిన మెథనోపైరస్ కాండ్లెరై అనే జీవి, నీటిమీద బరువు తగినంత ఉంటే 122 డిగ్రీల దగ్గర కూడా పిల్లల్ని కంటుంది. ఇప్పటిదాకా తెలిసిన ప్రాణాల్లో అదే పైమెట్టు. అయితే పైమెట్టు మీద ఉండేవాళ్లు కొద్దిమందే. 73 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఎండను తిని ఆక్సిజన్ వదిలే జీవాలు తప్పుకుంటాయి. ఆపైన రాతినీ వాయువులనూ తినేవాళ్లదే రాజ్యం. గంజాం ఊట వంటి నడిమి వేడి నీళ్లలో అందరికీ చోటుంది. ఎండను తినేవి, గంధకాన్ని తినేవి, చచ్చిన ఆకును తినేవి, పక్కవాణ్ణి తినేవి. సలసల మరిగే బుగ్గను చూడటానికి జనం ఎగబడతారు గానీ, చేయిపెట్టగలిగిన బుగ్గలోనే సందడి ఎక్కువ.

ఈ కాపురాల వైపు ప్రపంచం చూపు తిప్పినవాడు థామస్ బ్రాక్. 1966లో ఆయన, ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదువుకుంటున్న హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రవాడు, అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మష్రూమ్ స్ప్రింగ్ అనే బుగ్గ నుంచి నమూనా తెచ్చి, 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే ఒక బ్యాక్టీరియాను విడదీశారు. 1969లో దానికి థెర్మస్ అక్వాటికస్ అని పేరుపెట్టి లోకానికి చెప్పారు. తరువాతి కథ చాలామందికి తెలిసిందే. 1976లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో దాని నుంచి డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైమ్‌ను వేరుచేశారు. 1983లో కేరీ మల్లిస్ పీసీఆర్ పద్ధతిని ఊహించాడు. డీఎన్‌ఏకు నకళ్లు తీయడానికి దాన్ని ప్రతి విడతా మరుగుకు దగ్గరగా వేడిచేయాల్సిన పద్ధతి అది. వేడికి మామూలు ఎంజైమ్ చచ్చిపోతుంటే విడతవిడతకూ కొత్తది పోయాల్సి వచ్చేది. ఎల్లోస్టోన్ జీవి ఎంజైమ్‌కు ఆ వేడి లెక్కే కాదు. 1993లో మల్లిస్‌కు నోబెల్ వచ్చింది. కరోనా రోజుల్లో బరంపురంలోనైనా బెజవాడలోనైనా ముక్కులో పుల్లపెట్టి చేసిన ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వెనక ఉన్నది ఆ వేడినీటి బుగ్గే.

ఈ కథలో జనం మెచ్చుకునేది మల్లిస్ మెరుపును. నేను మెచ్చుకునేది బ్రాక్ చేసిన ఒక చప్పిడి పనిని. పేరుపెట్టి ఊరుకోకుండా ఆయన ఆ బ్యాక్టీరియాను బతికున్నదాన్ని బతికున్నట్టుగా అమెరికాలోని ఒక సూక్ష్మజీవుల భాండాగారంలో దాచిపెట్టాడు. కావాలన్నవాళ్లు తెప్పించుకోవచ్చు. అలా దాచి ఉండబట్టే ఏళ్ల తరువాత వేరే ఊరివాళ్లు దానిలో ఏముందో చూడగలిగారు. బ్యాక్టీరియా లోకంలో పేరు కాగితం మీది మాటతో అయిపోదు. ఆ పేరుకు పూచీగా ఒక సీసాలో ప్రాణం ఉండాలి.

ఆ పూచీ సంపాదించడం ఎంత కష్టమో చూడండి. బుగ్గ దగ్గర బురదను శుభ్రమైన సీసాలో పట్టాలి. వేడి దిగిపోకుండా థర్మోస్ ఫ్లాస్కులో పెట్టి ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ దానికి తిండి పెట్టాలి. ఏం తింటుందో తెలియదు. గంధకమా, చక్కెరా, గాలి కావాలా, గాలి పొడ గిట్టదా? తలా ఒక వంటకం చేసి, ఒక్కో పళ్లెంలో ఒక్కోటి పోసి, బుగ్గ ఎంత వేడో అంత వేడిలో ఉంచి ఎదురుచూడాలి. పళ్లెంలో గట్టిపరిచే పదార్థం ఆగార్. మన ఇళ్లలో చైనా గ్రాస్ అని హల్వాలకు వాడే సముద్రపు పాచి సరుకే అది. మొదట్లో శాస్త్రజ్ఞులు జెలటిన్ వాడేవారు. మన ఒంటి వేడికే అది కరిగి కారిపోయేది. 1880ల మొదట్లో జర్మనీలో రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సేకు, వేసవిలోనూ కరగని తన జెల్లీల గుట్టు చెప్పింది ఆయన భార్య ఫ్యానీ. జావాలో ఉండివచ్చిన పొరుగువాళ్ల దగ్గర ఆమె నేర్చుకున్న విద్య అది. కోఖ్ తన వ్యాసంలో ఆగార్ సంగతి రాశాడు, ఆమె పేరు రాయలేదు. ఇంత చేసినా ఉష్ణప్రియుల ముందు ఆగార్‌కూ పరీక్షే. 55, 60 డిగ్రీల పెట్టెలో రోజుల తరబడి ఉంచితే చెమర్చి, ఎండి, పగిలిపోతుంది. ఇంకా పై వేడిలో మెత్తబడిపోతుంది. అప్పుడు గెల్లాన్ గమ్ అనే మరో జిగురు తెచ్చుకోవాలి.

పళ్లెం మీద చుక్కలు పొడుస్తాయి. తెల్లవి, పసుపువి, గులాబివి. ఒక్కో చుక్క ఒక్క కణం సంతతి. ఒక చుక్కను తీగతో తీసి కొత్త పళ్లెం మీద గీస్తారు. అందులో ఒకటి తీసి మళ్లీ గీస్తారు. పక్కింటివాళ్లెవరూ కలవలేదని రూఢి అయ్యేదాకా గీస్తూనే ఉంటారు. తరువాత అది ఎవరి బిడ్డో తేల్చాలి. 1977లో కార్ల్ వోజ్ చూపిన దారి దీనికి ఆధారం. ప్రతి ప్రాణిలోనూ ప్రొటీన్లు నేసే మగ్గం ఉంటుంది. బ్యాక్టీరియాలో ఆ మగ్గానికి చెందిన ఒక భాగాన్ని 16ఎస్ జన్యువు రాస్తుంది. సుమారు 1500 అక్షరాల రాత. ఆ రాతను తెలిసిన జాతులన్నిటి రాతతో పక్కపక్కన పెట్టి చూస్తారు. 98.7 శాతం కంటే తక్కువ కలిస్తే, అంటే 1500లో ఇరవై అక్షరాలకు మించి తేడా వస్తే, కొత్త జాతి అని ఆశ పడవచ్చు. ఆశే. చాలాసార్లు అది ఎక్కడో, ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసిన పాతదే అయి తేలుతుంది. గట్టెక్కితే మొత్తం జన్యురాతను పోల్చాలి. అక్కడ గీటు 95, 96 శాతం దగ్గర. ఆపైన అది ఏ వేడిలో పెరుగుతుంది, ఎంత ఉప్పు ఓర్చుకుంటుంది, దాని కొవ్వుల్లో ఏవి ఎక్కువ, ఏ చక్కెరను ముడుతుంది, దేన్ని ముట్టదు, అన్నీ పట్టిక కట్టాలి. చివరికి రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో బతికున్న నమూనాలు అప్పగించి, రసీదులు చూపితే తప్ప ఆ పేరు చెల్లదు.

ఈ గట్లన్నీ ఎక్కిన కొన్ని పేర్లు ఒడిశా వేడిబుగ్గల నుంచే వచ్చాయి. భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో సుబ్రత కె. దాస్ బృందం ఈ పనిని ఏళ్ల తరబడి పట్టుకుని చేసింది. 2009లో థయోమోనాస్ భువనేశ్వరెన్సిస్ వచ్చింది. నడిమి వేడిని ఇష్టపడుతూ, గంధకపు లవణమైన థయోసల్ఫేట్‌ను కాల్చుకుని శక్తి తీసుకునే జీవి. దాని తిండి అలవాటు విచిత్రం. గంధకమూ కావాలి, దానితోపాటు సేంద్రియ ఆహారమూ కావాలి. ఒకటి పెట్టి రెండోది మానేస్తే పెరగనని భీష్మించుకుంటుంది. 2013లో పాన్నోనిబాక్టర్ ఇండికా. మన పాలిట విషమైన ఆర్సెనిక్ లవణాన్ని మోతాదుకు మించి ఓర్చుకునే మొండిఘటం.

ఈ రెంటి నడుమ 2010లో వచ్చిన కీలాటోకాకస్ శంభునాథిఐ నాకు అన్నిటికంటే ఇష్టం. వేడిబుగ్గ మడ్డిలో దొరికిన ఈ చిన్న ప్రాణికి కలకత్తా డాక్టరు శంభునాథ్ దే పేరు పెట్టారు. కలరా రోగిని చంపేది ఆ క్రిమి పేగులో విడిచే విషమని 1959లో చూపినవాడాయన. కుందేలు పేగును ముడులుగా కట్టి, ముడిలో క్రిమి లేని వడకట్టు నీటిని ఎక్కించి, పేగు ఉబ్బడం చూపించాడు. పెద్ద యంత్రాలు లేవు, పెద్ద డబ్బూ లేదు. రోగికి పోయిన నీళ్లు తిరిగి పోస్తే బతుకుతాడన్న వైద్యానికి ఆ పని గట్టి దన్ను అయింది. నోబెల్ గ్రహీత జోషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించాడు. రాలేదు. సొంత ఊళ్లోనే చాలామందికి తెలియకుండా 1985లో పోయాడు. చౌరస్తాలో విగ్రహం కంటే ఒక బ్యాక్టీరియాకు పేరు కావడమే మేలు అనిపిస్తుంది నాకు. లోకంలో ఎక్కడ ఏ ప్రయోగశాలలో ఆ సీసా తీసినా ఆయన పేరు పలకాల్సిందే. మన హైదరాబాదు శాస్త్రజ్ఞులకూ ఈ సరదా ఉంది. 2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూను ఆకాశపు పైపొరల నుంచి పట్టి తెచ్చిన గాలిలో దొరికిన ఒక బ్యాక్టీరియాకు, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన శివాజీ బృందం 2009లో ఆర్యభటుడి పేరు పెట్టింది. ఒకటి మబ్బుల పైన, ఒకటి బురద అడుగున.

పళ్లెం మీదికి వచ్చేవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లలో పిడికెడు మంది మాత్రమే. సూక్ష్మదర్శినిలో కనపడే కణాలను లెక్కపెట్టి, పళ్లెం మీద మొలిచే చుక్కలను లెక్కపెట్టి చూస్తే పొంతనే ఉండదు. వందకు ఒకటి మొలిస్తే గొప్ప. మిగతావి మనం పెట్టే తిండిని ముట్టవు. కొన్నిటికి పక్కజీవి లేనిదే బతుకు లేదు. కొన్నిటికి మన వారం రోజులు చాలవు, నెలలు కావాలి. వాళ్లను పలకరించాలంటే వేరే దారి పట్టాలి. బురదలోని డీఎన్‌ఏ మొత్తాన్ని ఒకేసారి పిండి, ఎవరిది ఏ ముక్కో కంప్యూటరు చేత తేల్చుకోవడం. దాన్ని మెటాజీనోమిక్స్ అంటున్నారు.

సుబ్రత దాస్ బృందమే ఒడిశాలోని నాలుగు బుగ్గల మీద ఈ పని చేసి, 2015లో ఫ్రాంటియర్స్ ఇన్ మైక్రోబయాలజీ పత్రికలో ప్రకటించింది. ఖుర్దా దగ్గర అత్రి, నయాగఢ్ జిల్లాలో తరబాలో, అనుగుల్ జిల్లాలో దేవులఝరి, మన గంజాం తప్తపాని. నీటి వేడి 40 నుంచి 58 డిగ్రీలు. పులుపూ క్షారమూ కాని నీరు, పీహెచ్ 7.2 నుంచి 7.4. అత్రిలో మకర సంక్రాంతికి జాతర జరుగుతుంది, దేవులఝరిలో శివుడున్నాడు, తప్తపానిలో అమ్మవారు. మన వైపు వేడినీళ్లు దేవుడు లేకుండా ఒంటరిగా ఉండటం అరుదు.

ఆ నాలుగు బుగ్గల జనాభా లెక్కలో పై రెండు స్థానాలు క్లోరోఫ్లెక్సై, ప్రొటియోబాక్టీరియా వర్గాలవి. వాటి వెనక ఆసిడోబాక్టీరియా, నైట్రోస్పిరా, థెర్మోటోగా, నీలాకుపచ్చ బ్యాక్టీరియా, అక్కడక్కడా బ్యాక్టీరియా కాని మరో సూక్ష్మజీవుల వంశమైన ఆర్కియా. నీటి వేడి, అందులోని సోడియం, క్లోరైడు, సల్ఫేటు, బైకార్బనేటు ఎంతెంత అన్నదాన్ని బట్టి ఏ బుగ్గలో ఎవరు ఎక్కువో తేలుతోంది. ఒక్కో బుగ్గది ఒక్కో జనం. ఇంతవరకు వింత లేదు. వింత ఇక ముందుంది. జనం మారినా, వాళ్ల చేతుల్లోని పనులు దాదాపు మారలేదు. తప్తపానిలో ఒక వర్గం చేసే పనిని అత్రిలో మరో వర్గం చేస్తోంది. ఎవరో ఒకరు చక్కెరలను విరగ్గొట్టాలి, ఎవరో ఒకరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిండిగా మార్చాలి, ఎవరో ఒకరు వేడి దెబ్బను సరిచేయాలి. చేసేవాడి కులగోత్రాలతో ఊటకు పనిలేదు.

తిండి వండే పనిని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. మన వరిచేను, మామిడితోట, అడవిలోని సాలవృక్షం, ఇవన్నీ బొగ్గుపులుసు వాయువును పిండిగా మార్చేది ఒక్క పద్ధతిలోనే. మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ తెచ్చిన కాల్విన్ చక్రం అది. కళ్లకు కనిపించే పచ్చదనమంతా ఆ ఒక్క వంటింటిదే. అయితే ప్రకృతి దగ్గర అప్పటికి తెలిసిన వంటలు ఆరు. ఆ ఆరింటి జన్యువులూ ఈ ఒడిశా బుగ్గల్లో కనిపించాయి. మనం శక్తి కోసం తిండిని కాల్చే చక్రాన్నే వెనక్కు తిప్పి తిండి తయారుచేసే పద్ధతి ఒకటి. బొగ్గుపులుసు వాయువు అణువులు రెండింటిని చెరో చేత్తో పట్టి నేరుగా అతికించే, బహుశా అన్నిటికంటే పాతదైన పద్ధతి మరొకటి. క్లోరోఫ్లెక్సస్ సొంతంగా కనిపెట్టుకున్న చక్రం ఇంకొకటి. దిగపహండి పొలాలన్నీ ఒక్క పద్ధతితో నడుస్తుంటే, కొండెక్కితే వేడి బురదలో ఆరు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి. పచ్చదనం చూసి మురిసిపోయే మనం అసలు నైపుణ్యాన్ని కాలికింద వదిలేసి వస్తున్నాం.

ఇంకో సంగతి వాళ్ల లెక్కలో తేలింది. మనిషి తయారుచేసిన రసాయనాలను విరగ్గొట్టగల జన్యువులూ ఆ బుగ్గల్లో ఉన్నాయి. స్నానాల సబ్బు వల్ల వచ్చాయని తేల్చేసేవాళ్లు ఉంటారు. అంత తొందర అక్కర్లేదు. కుళ్లిన ఆకుల్లో, బెరడులో ఉండే కఠినమైన వలయాకారపు అణువులను కోసే ఎంజైములే చాలావరకు మన రసాయనాల మీద కూడా పనిచేస్తాయి. కుండం మీదికి చెట్లు వంగి ఆకులు రాల్చే చోట ఆ కత్తులు ఉండటంలో ఆశ్చర్యం లేదు. వేడికి మొండిబారని కత్తులు కాబట్టి పరిశ్రమలకు వాటిమీద కన్నుంది. మన దేశపు 2002 జీవవైవిధ్య చట్టం ఇలాంటి సూక్ష్మజీవులను కూడా దేశసంపదగానే లెక్కిస్తుంది. తోమి, బ్లీచింగ్ చల్లి, సిమెంటు పూసి కుండాన్ని ముచ్చటగా తయారుచేసే ఉత్సాహవంతులకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు.

తరబాలో బుగ్గలో వాళ్లకు అసిటోథెర్మియా అనే వర్గపు డీఎన్‌ఏ దొరికింది. ఈ వర్గం ఆనవాలు మొదట 1990లలో ఎల్లోస్టోన్‌లోని అబ్సిడియన్ పూల్‌లో దొరికింది, ఒట్టి 16ఎస్ రాతగా. జీవి లేదు, రాత మాత్రమే. ఆ కొలను ఇంటిపేరుతో ఓపీ1 అని నంబరు వేసి ఊరుకున్నారు. 2012లో జపాన్‌వాళ్లు ఒక బంగారు గని అడుగున వేడినీళ్లలో దొరికిన డీఎన్‌ఏ ముక్కలను అతికి, ఇది వాయువులను తిని వెనిగర్‌లోని పులుపును విసర్జించే జీవి అయ్యుండాలని ఊహించారు. తరువాత నయాగఢ్ బురదలో అదే వంశం. అమెరికా కొలను, జపాన్ గని, ఒడిశా పల్లె. మూడుచోట్లా దాని రాత చదివారు. ఆ పరిశోధనల్లో దాన్ని పళ్లెంలో పెంచి చూసినవాళ్లు లేరు.

ఇలాంటివాళ్ల కోసమే 2022లో సీక్‌కోడ్ అనే కొత్త నియమావళి వచ్చింది. పెంచిన నమూనా లేకపోయినా, నాణ్యమైన జన్యురాత ఉంటే దాన్నే పూచీగా తీసుకుని పేరు పెట్టవచ్చని దాని తీర్పు. లక్షల జాతులు పేరులేక పడి ఉన్నప్పుడు ఎంతకాలం ఆగుతామని వాళ్ల వాదన. కాదనడం కష్టం. పైగా కావలసిన ఎంజైమ్ జన్యువును రాత చూసి తయారుచేసుకునే కాలమిది. 1976లో సీసా కావాల్సి వచ్చింది గానీ, ఇప్పుడు ఆ పనికి సీసా కూడా అక్కర్లేదు. అయినా ఉయ్యాల్లో బిడ్డ లేకుండా బారసాల చేసినట్టు నాకేదో వెలితిగానే ఉంటుంది. జన్యురాత ఒక ప్రాణి చేయగల పనుల జాబితా చెబుతుంది. వాటిలో ఏది చేస్తుందో, ఎప్పుడు చేస్తుందో, ఎవరి దన్నుతో చేస్తుందో చెప్పదు. తరబాలో అసిటోథెర్మియా నిజంగా వాయువులనే తింటుందా, పక్కజీవి ఎంగిలి మీద బతుకుతుందా, ఎంత వేడి దాటితే దాని చేతులు ఆగిపోతాయి? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే భువనేశ్వర్‌లోనో బరంపురం దగ్గరి భంజబిహార్ విశ్వవిద్యాలయ ఆవరణలోనో ఒక విద్యార్థి గాలి చొరబడని సీసాల్లో బురద నింపి, వేడి పెట్టెలో పెట్టి, నెలల తరబడి వాటి మూతలు తీయకుండా ఓర్చుకోవాల్సిందే.